మాటకు గాడి పడింది



"ఇది ఎగ్జామ్‌లో వస్తుందా మేడమ్?" అని మొన్న పీటీఎంలో ఒక నాన్నగారు అడిగారు. రాదండి. కానీ 8వ తరగతి 'ధ్వని' పాఠం చాలావరకు ఇందులోనే ఉంది.

కూకట్‌పల్లి బ్రాంచిలో మా సైన్స్ క్లబ్ పిల్లలు పాత సామాన్లతో గ్రామఫోన్ రికార్డు కోసే యంత్రం చేశారు. పాడైన టీవీ స్పీకర్‌కు సూది అతికించి, ఆంప్లిఫయర్‌కు కలిపారు. మైకులో మాట్లాడితే స్పీకర్ కంపిస్తుంది, సూది ఊగుతుంది, కింద తిరిగే ప్లేటుపై గాడి పడుతుంది. 1877లో ఎడిసన్ తగరపు రేకుపై మాటను సూదితోనే నిలిపాడు. 1950ల్లో రష్యా కుర్రాళ్లు నిషేధించిన పాటలను వాడేసిన ఎక్స్‌రే ఫిల్ములపై కోసుకునేవారు. మేమూ ఎక్స్‌రే ఫిల్మే వాడాం (పేషెంట్ల పేర్లు కత్తిరించేశాం లెండి).

మొదటిసారి గాడి మీద గాడి పడి గందరగోళమైంది. తప్పు నాదే. ప్లేటు తిరిగేకొద్దీ సూది కొంచెం కొంచెం లోపలికి జరగాలని మర్చిపోయాను. పాత డీవీడీ డ్రైవ్‌లో లేజర్‌ను జరిపే మరల కడ్డీ పనికొస్తుందని చెప్పింది, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి. రెండో ఫిల్ముపై తన పేరే చెప్పింది. ఒక తాతగారి రికార్డు ప్లేయర్‌లో పెడితే, గరగరల మధ్య ఆ పేరు వినబడింది.

పాడైన డీవీడీ డ్రైవ్ ఉంటే పాత సామాన్లవాళ్లకు వేయకుండా మాకు పంపండి. టీవీని మాత్రం పిల్లలతో విప్పించకండి. ప్లగ్ తీసేసినా లోపల కరెంటు నిలవుండవచ్చు.