కాకి వాలని కొండ

అచ్చంపేట

ఒరే బుజ్జీ,

మన ఇంటి గ్రూపులో నువ్వు పెట్టింది చూశాను. ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతం మనదేనని యునెస్కో తేల్చిందట, పదిమందికి పంపాలట. నేను పంపలేదు. భక్తి లేక కాదురా, అనుభవం ఉండి. నాలుగేళ్ల కిందట ఇదే ముక్క పాలకేంద్రం దగ్గర గొంతెత్తి చదివాను. క్యానుతో నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్ల, "తాతా, అది ఉత్తిదే, వాళ్లా మాట అననేలేదు" అంది. అప్పటికే మా రిటైరైన కండక్టర్ల గ్రూపులో పడేశాను. తీసేద్దామంటే గడువు దాటిపోయిందంది ఫోను.

అయినా మన పాటకి ఒకళ్ల చీటీ ఎందుకు? 1919లో టాగూరు మదనపల్లె వచ్చి, అక్కడి థియొసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే దాన్ని ఇంగ్లీషులోకి తనే రాసుకున్నాడు. అది పంపు. లేదా పల్నాడులోనే ఉన్న మించాలపాడు వెళ్లి రా. అడవిలో గొడ్లు మేపినందుకు పుల్లరి కట్టమంటే కట్టనని, 1922 ఫిబ్రవరిలో తుపాకి గుళ్లకు ఒరిగిపోయాడు కన్నెగంటి హనుమంతు. మాచర్లకి పెళ్లిళ్లకు పోతావుగానీ అటు తిరిగావా ఎప్పుడన్నా?

టెక్నాలజీ అంటే నాకు కడుపుమంటన్నావు. నిజమే. ముప్ఫై ఏళ్లు టికెట్ వెనక చిల్లర బాకీ రాసిచ్చి ఎన్ని తిట్లు తిన్నానో! నా సర్వీసంతా అయ్యాక 2016లో వచ్చింది యూపీఐ. మొన్న ముక్త్యాల వెళ్దామని మాదిపాడు రేవులో బల్లకట్టెక్కి దర్జాగా ఫోను తీశాను. కృష్ణ నడుమ సిగ్నల్ లేదు, చక్రం తిరుగుతూనే ఉంది. పక్కనున్న మిరపకాయల ఆసామి పంచె మడతలోంచి తడిసిన నోటు తీసి నాకూ కట్టాడు. ఒడ్డెక్కాక అతని నంబరుకి పంపుదామంటే, అతనిది మీటల ఫోను!

రాకెట్ కట్టేవాళ్లు గుడికెందుకెళ్లాలని అడిగావు. చంద్రయాన్-3కి ముందు చిన్న నమూనా పట్టుకుని తిరుమల వెళ్లారు, నిజమే. కానీ అంతకుముందు 2019 సెప్టెంబరులో చంద్రుడి మీద దిగబోతూ విక్రమ్ ల్యాండరు కూలినప్పుడు గ్రహచారమని ఊరుకోలేదు కదా. ఎక్కడ లెక్క తప్పిందో నాలుగేళ్లు తవ్వారు. చంద్రయాన్-3 మాత్రం 2023 ఆగస్టు 23 సాయంత్రం దిగింది. వాళ్లు లెక్కలు చేసుకుని దండం పెట్టారు. ఇంటర్‌లో నువ్వు దండం మాత్రమే పెట్టావు. మీ అమ్మకి ఈ వాక్యం చదివి వినిపించకు.

శాపం వల్ల కోటప్పకొండ మీద కాకి వాలదంటే నమ్ముతావా తాతయ్యా అన్నావు. ఏటా శివరాత్రికి ప్రభల కింద మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూనే ఉంటాను. 80, 90 అడుగుల ప్రభ, దానికి రంగురంగుల బల్బులు, వెనకాల గుర్రుమనే జనరేటరు. ఆ పొగలో, ఆ మోతలో కాకేం ఖర్మ, నేనే నిలబడలేను. నిరుడు మాత్రం ఎవరో కుర్రాళ్ల డ్రోను ఒకటి మెట్ల దగ్గర వాలింది. మీ అమ్మమ్మ దానికేసి దండం పెట్టి, "శాపం కాకికేరా, దీనికి లేదు" అంది.

ఈసారి శివరాత్రికి రా. చిన్నపిన్ను చార్జరొకటి పట్రా, నాది ఎలుక కొరికింది.

మీ తాతయ్య