కుర్తీ ఎందుకు కురచైంది?

ప్రశ్న: కొత్త రేయాన్ కుర్తీని మెషీన్‌లో వేడినీళ్లతో ఉతికితే రెండంగుళాలు కురచైంది. లేబుల్ మీద అన్నీ బొమ్మలే. వాటినెలా చదవాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రేయాన్ నీళ్లు బాగా పీల్చుకుని ఉబ్బుతుందమ్మా, తడిలో బలం కూడా తగ్గుతుంది. మిల్లులో సాగదీసినప్పుడు గుడ్డలో నిలిచిన బిగువు వేడినీళ్లకు సడలి, గుడ్డ ముడుచుకుంటుంది. మళ్లీ తడిపి, పిండకుండా మెల్లగా లాగి బల్ల మీద పరిచి ఆరబెడితే కొంత సాగవచ్చు. పూర్తిగా పాత కొలతకు రావడం కష్టమే.

ఇకపై ముందు నీళ్ల తొట్టి బొమ్మ చూడండి. అందులో 30 ఉంటే నీళ్ల వేడి 30 డిగ్రీలు దాటకూడదు. తొట్టి కింద ఒక గీత ఉంటే మెషీన్‌లో సున్నితమైన సైకిల్, రెండుంటే ఇంకా సున్నితమైనది. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి. త్రిభుజం బ్లీచింగ్‌కు, చతురస్రం ఆరబెట్టడానికి గుర్తు. ఇస్త్రీపెట్టె లోపలి చుక్కలు వేడిని చెబుతాయి: ఒకటైతే 110 డిగ్రీలు, రెండైతే 150, మూడైతే 200 వరకు. ఏ బొమ్మ మీదైనా ఇంటూ గుర్తుంటే ఆ పని చేయొద్దు. చాలామంది కొనగానే లేబుల్ కత్తిరించేస్తారు, దయచేసి ఆ పని చేయకండి.

తొట్టి మీద ఇంటూ ఉండి, పక్కన వలయంలో పి అక్షరం ఉంటే ఇంట్లో ప్రయత్నించకుండా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. జరీ పట్టుచీర మీద నూనె మరక పడినా, రంగు వదులుతున్నా ఆలస్యం చేయకుండా డ్రైక్లీనింగ్ వాళ్లకే చూపించండి.