బుజ్జికి, శాలరీ క్యాప్ గురించి

చి. బుజ్జికి,
ఫ్రిస్కో నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ట్రేడ్ ప్రతిపాదన చూశాను. 2025 ఫిబ్రవరిలో ఫీనిక్స్ సన్స్‌కి నువ్వే జనరల్ మేనేజర్‌వి అనుకుని, ముగ్గురు మధ్యరకం ఆటగాళ్ళను పంపించి అవతలి జట్టు నుంచి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకున్నావు. పాయింట్లకీ రీబౌండ్లకీ పట్టిక వేశావు, రెండు వైపులా జీతాలు కూడి చూపించావు, కింద ‘ఇద్దరికీ లాభమే’ అని గీత గీశావు. కూడికల్లో తప్పేం లేదు. కానీ ఆ ట్రేడ్‌ని లీగ్ ఆఫీసు గుమ్మం కూడా దాటనివ్వదు. ఆ ఏడాది ఫీనిక్స్‌కి ఇద్దరి జీతాలు కలిపి ఒకరి జీతానికి ఎదురు చూపించే హక్కే లేదు మరి. ఎందుకు లేదో అర్థమైతే ఈ విద్యలో సగం వచ్చేసినట్టే. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ముందు నాలుగు అంకెలు. (పది మిలియన్లు మన కోటి. నేను కోట్లలోనే రాస్తాను, ఆడిటర్ అలవాటు.) ఎన్‌బీఏలో శాలరీ క్యాప్ 1984-85లో వచ్చింది, అప్పుడు జట్టుకి 36 లక్షల డాలర్లు. 2024-25లో అది 14.06 కోట్లు. క్యాప్ అంటే దాటకూడని గోడ అనుకుని కొత్తవాళ్ళంతా బోల్తా పడతారు. అది దాటొచ్చు, దాదాపు అన్ని జట్లూ దాటుతాయి. అసలు ఆట దాటిన తర్వాతే. ఆ ఏడాది 17.08 కోట్లు దాటితే లగ్జరీ టాక్స్. 17.81 దాటితే ఫస్ట్ ఏప్రన్. 18.89 దాటితే సెకండ్ ఏప్రన్. ఈ రెండు ఏప్రన్ల కట్టుబాట్లు 2023లో ఆటగాళ్ళ సంఘానికీ లీగ్‌కీ కుదిరిన ఒప్పందంతో బిగుసుకున్నాయి. టాక్స్ అనేది డబ్బు సంగతి, యజమాని జేబు లోతుగా ఉంటే కట్టేసి ఊరుకుంటాడు. సెకండ్ ఏప్రన్ అలా కాదు. అది డబ్బుతో తీరే శిక్ష కాదు, చేతులు కట్టేస్తుంది. ట్రేడ్‌లో జీతాలు కలపకూడదు. పంపిన దానికంటే ఒక్క డాలరు కూడా ఎక్కువ జీతం తెచ్చుకోకూడదు. ట్రేడ్‌లో నగదు ఇవ్వకూడదు. బయటి ఫ్రీ ఏజెంట్లకి (ఒప్పందం ముగిసినవాళ్ళకి) మిడ్‌లెవెల్ మినహాయింపు, అంటే క్యాప్ దాటాక కూడా కొంత జీతం ఇచ్చే వీలు, వాడకూడదు. పైగా ఏడేళ్ళ తర్వాత రాబోయే ఫస్ట్ రౌండ్ పిక్‌ని (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ వంతు) అమ్ముకోకుండా గడ్డకట్టించేస్తారు. తర్వాతి నాలుగేళ్ళలో మరో రెండుసార్లు ఆ గీత దాటితే ఆ పిక్ మొదటి రౌండ్ చివరికి జారిపోతుంది, జట్టు ఎంత ఘోరంగా ఓడినా సరే.

ఇప్పుడు ఫీనిక్స్ పుస్తకం తెరువు. 2024-25లో బుకర్ 4.92 కోట్లు, బీల్ 5.02, డ్యురాంట్ 5.12. ముగ్గురివీ కూడు. 15 కోట్లు దాటింది కదా? క్యాప్ 14.06. పదిహేను మంది ఉండాల్సిన జట్టులో ముగ్గురితోనే క్యాప్ అయిపోయింది. మిగతా పన్నెండు మందినీ సెకండ్ ఏప్రన్ మీదే నిలబెట్టారు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. జట్టు తిప్పలు పడుతోంది, ఎవరినైనా తెద్దామంటే ఇవ్వడానికి ఏమీ లేదు, ఎందుకంటే 2023లో డ్యురాంట్ కోసం నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్స్ బ్రూక్లిన్‌కి ఇచ్చేశారు. 2025 జనవరిలో యూటాకి 2031 నాటి ఫస్ట్ రౌండ్ పిక్ ఒకటి, ఏ షరతూ లేకుండా ఇచ్చి, బదులుగా మూడు నాసిరకం ఫస్ట్ రౌండ్ పిక్స్ తీసుకున్నారు. పెద్ద నోటిచ్చి చిల్లర తెచ్చుకోవడం లాంటిది. ఆ చిల్లరలో ఒకటి వెంటనే ఖర్చయిపోయింది. సెంటర్ నుర్కిచ్‌కి 1.8 కోట్ల జీతం, కోచ్ అతన్ని ఆడించడం మానేశాడు. అతన్ని వదిలించుకోవడానికి షార్లెట్‌కి ఆ పిక్ కలిపి ఇవ్వాల్సి వచ్చింది. ఆటగాణ్ణి కొనడానికి కాదమ్మా, వదిలించుకోవడానికి పిక్ ఇచ్చారు.

మరి బీల్‌ని పంపొచ్చుగా అంటావు. 2022లో వాషింగ్టన్ అతనితో 5 ఏళ్ళకి 25.1 కోట్ల ఒప్పందం రాసినప్పుడు అందులో నో-ట్రేడ్ క్లాజ్ పెట్టింది. ఆటగాడి సంతకం లేకుండా ట్రేడ్ చేయడానికి వీల్లేదన్నమాట. ఆ క్లాజ్ ఒప్పందంతో పాటే ఫీనిక్స్‌కి వచ్చింది. అంటే అతను ఎక్కడికి వెళ్ళాలో అతనే చెప్పాలి. నేను ఆడిట్‌లో ఉన్నంతకాలం చివరి పేజీ ముందు చదివేవాణ్ణి. నువ్వూ అలాగే చెయ్యి. జీతం మొదటి పేజీలో ఉంటుంది, ముళ్ళన్నీ వెనకాల ఉంటాయి: నో-ట్రేడ్, ఆటగాడి ఇష్టం మీద పెరిగే ఆఖరి ఏడాది, ట్రేడ్ జరిగితే వచ్చే బోనస్.

ఫలితం నీకు తెలుసు. టాక్స్ ఒక్కటే 15 కోట్ల పైన. 36 గెలుపులు, 46 ఓటములు, ప్లేఆఫ్స్ లేవు, ప్లే-ఇన్ కూడా లేదు. ఆ వేసవిలో డ్యురాంట్‌ని హ్యూస్టన్‌కి పంపారు. బీల్‌తో బేరమాడి ఒప్పందం కొనేసి, మిగిలిన డబ్బుని ఐదేళ్ళకి సాగదీశారు. 2029-30 దాకా ఏటా సుమారు 1.94 కోట్లు అతని పేరు మీద క్యాప్‌లో కూర్చుంటాయి. అతనేమో లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కి వెళ్ళిపోయాడు.

కాబట్టి ఏ ఆటగాడి దగ్గరైనా నువ్వు మొదట అడగాల్సిన ప్రశ్న ‘జీతం ఎంత’ అన్నది కాదు. ఈ జీతం నా పుస్తకంలో ఉన్నన్నాళ్ళూ నేను చెయ్యలేని పనులేవి, అని అడుగు. నీ పట్టికలో దానికి ఒక కాలమ్ కూడా లేదు.

రెండోది, నీ జీతాలన్నీ డాలర్లలో ఉన్నాయి. డాలర్లు మర్చిపో, క్యాప్‌లో శాతం రాయి. ఇది నీకు ఒక ఉదాహరణతో తేలిగ్గా తెలుస్తుంది. కొత్త టీవీ ఒప్పందం డబ్బు వచ్చిపడి, 2015-16లో 7 కోట్లున్న క్యాప్ మరుసటి ఏడాదికి 9.41 కోట్లకి ఎగిరింది. లీగ్ ఆ పెరుగుదలని మెల్లమెల్లగా చేద్దామంది, ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. ఒకే వేసవిలో అందరి చేతుల్లోనూ ఖాళీ వచ్చింది. గోల్డెన్ స్టేట్ ఆ ఖాళీతో డ్యురాంట్‌ని తెచ్చుకుంది. లేకర్స్ ఏం చేశారంటే, టిమొఫే మోజ్‌గోవ్ అనే రష్యన్ సెంటర్‌కి 4 ఏళ్ళకి 6.4 కోట్లు రాసిచ్చారు. ఏడాది తిరక్కుండానే అతన్ని వదిలించుకోవడానికి డాంజెలో రసెల్‌ని, అంటే 2015 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో ఎంచుకున్న కుర్రాణ్ణి, జతచేసి బ్రూక్లిన్‌కి పంపారు. మోజ్‌గోవ్ ఏటా 1.6 కోట్లు, ఆనాటి క్యాప్‌లో 17 శాతం. ఇప్పుడు జేలెన్ బ్రన్సన్‌ని చూడు, 2024-25లో న్యూయార్క్ నిక్స్ అతనికిచ్చింది దాదాపు 2.5 కోట్లు. డాలర్లలో చూస్తే బ్రన్సన్ చాలా ఖరీదు. శాతంలో 18 దగ్గర, అంటే మోజ్‌గోవ్ వాటాకీ బ్రన్సన్ వాటాకీ తేడా ఒక్క శాతం! జట్టు మొత్తాన్నీ భుజాన మోసే పాయింట్ గార్డు ఒకడు, బెంచీ మీద కూర్చున్న సెంటర్ ఒకడు.

బ్రన్సన్ పేరెత్తాను కనుక అతని కథ పూర్తిగా చెప్పాలి. నన్నడిగితే ఈ లీగ్‌లో లూకా డాంచిచ్ ట్రేడ్ కంటే ఎక్కువ నేర్పేది ఇదే. అతన్ని 2018లో డాలస్ రెండో రౌండ్‌లో, 33వ స్థానంలో ఎంచుకుంది. 2021-22 సీజన్‌కి ముందే 4 ఏళ్ళకి సుమారు 5.5 కోట్లతో అతని ఒప్పందం పొడిగించుకునే వీలు జట్టుకి వచ్చింది. సంతకం మాత్రం కాలేదు. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో యూటా మీద మొదటి మూడు ఆటలకి డాలస్ స్టార్ లూకా గాయంతో దూరమయ్యాడు. రెండో ఆటలో బ్రన్సన్ ఒక్కడే 41 పాయింట్లు కొట్టాడు. డాలస్ వెస్ట్ ఫైనల్ దాకా వెళ్ళింది. జులైలో నిక్స్ 4 ఏళ్ళకి 10.4 కోట్లు ఇస్తామంది, అతను వెళ్ళిపోయాడు.

5.5 కోట్లకి దొరికేవాడికి 10.4 ఎందుకివ్వాలని అనుకోవడం సహజమే. కానీ నియమం చూడు. లారీ బర్డ్ పేరుతో ఒక మినహాయింపు ఉంది: నీ జట్టులో ఉన్న ఆటగాణ్ణి నిలబెట్టుకోవడానికి క్యాప్ ఎంత దాటినా ఫర్వాలేదు. ఆ హక్కు ఆ ఒక్క ఆటగాడి మీదే. అతను వెళ్ళిపోతే, అతనికి ఇవ్వబోయిన డబ్బు ఖాళీగా మారి నీ చేతికి రాదు. అప్పటికే డాలస్ టాక్స్ గీత మీద ఉంది. బయటి ఫ్రీ ఏజెంట్ల కోసం మిగిలింది ఏడాదికి 65 లక్షల లోపు చిన్న మినహాయింపు. దాంతో జవేల్ మెగీని తెచ్చుకున్నారు. బ్రన్సన్ పోయిన లోటు పూడ్చడానికి 2023 ఫిబ్రవరిలో డిన్‌విడీని, ఫినీ-స్మిత్‌ని, 2029 ఫస్ట్ రౌండ్ పిక్‌నీ ఇచ్చి కైరీ ఇర్వింగ్‌ని తెచ్చారు. అంటే బ్రన్సన్‌ని పోగొట్టుకున్న జట్టు అతని జీతం కంటే పెద్ద జీతం మోయడమే కాక, ఇద్దరు ఆటగాళ్ళనీ ఒక పిక్‌నీ కూడా వదులుకుంది. ‘ఎక్కువ ఇస్తున్నామా’ అని అడిగే ముందు ‘ఇవ్వకపోతే ఎవరొస్తారు, ఏ డబ్బుతో వస్తారు’ అని అడగాలి. అక్కడ జవాబు మెగీ.

అవతలి పక్క కూడా చూడు. 2024లో బ్రన్సన్ ఒక ఏడాది ఆగితే 5 ఏళ్ళకి 26.9 కోట్లు దొరికేవి. ఆగలేదు, 4 ఏళ్ళకి 15.65 కోట్లకే పొడిగించుకున్నాడు. ఆ తగ్గింపు 2025-26 నుంచి నిక్స్‌ని సెకండ్ ఏప్రన్ కింద ఊపిరి పీల్చుకోనిచ్చింది. అది మొదలవక ముందే, 2025లో, వాళ్ళు 25 ఏళ్ళ తర్వాత ఈస్ట్ ఫైనల్ ఆడారు.

పిక్స్ సంగతి ఇంకోసారి వివరంగా రాస్తాను గాని ఒక్కటి మాత్రం ఇప్పుడే. పిక్‌ని ఈనాటి బలంతో తూచకు. 2013లో బ్రూక్లిన్ వాళ్ళు 37 ఏళ్ళ గార్నెట్‌నీ 35 ఏళ్ళ పియర్స్‌నీ తెచ్చుకోవడానికి బోస్టన్‌కి 2014, 2016, 2018 ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చి, 2017లో మార్చుకునే హక్కు కూడా ఇచ్చారు. మొదటి ఏడాది 44 గెలుపులు వచ్చాయి, అంతే. 2014 పిక్ 17వది అయింది, దానికి పెద్ద విలువేం లేదు. కానీ పెద్దవాళ్ళు వెళ్ళిపోయాక జట్టు 21కి, తర్వాత 20కి పడింది. 2016 పిక్ మూడోదై జేలెన్ బ్రౌన్ అయ్యాడు. 2017 హక్కు మొదటి స్థానమై, దాన్ని ఫిలడెల్ఫియాతో మార్చి మూడోదానికి దిగి బోస్టన్ జేసన్ టేటమ్‌ని తీసుకుంది. 2024 టైటిల్ ఆ ఇద్దరిదే. ఇచ్చేవాడు ఎప్పుడూ తను గెలిచే ఏడాదిని ఊహించుకుని పిక్ ఇస్తాడు. తీసుకునేవాడు అవతలివాళ్ళు ముసలైపోయే ఏడాదిని లెక్కపెట్టాలి. అందుకే దూరపు పిక్, షరతుల్లేని పిక్ ఖరీదు.

ఇక లూకా. నువ్వు తప్పకుండా అడుగుతావు, ఇక్కడ మన పిల్లల గదుల్లో అతని 77 నంబరు జెర్సీలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో డాలస్ అతన్ని లేకర్స్‌కి పంపిన ట్రేడ్‌లో డాంచిచ్ జీతం 4.30 కోట్లు, ఆంథనీ డేవిస్‌ది 4.32. నీ పట్టిక దాన్ని కూడా ‘ఇద్దరికీ లాభమే’ అనేది. జీతం సరిపోయింది, వయసు సరిపోలేదు: ఒకరికి 25, ఇంకొకరికి 31. డాలస్ వైపు వాదన ఏమీ లేదనను. ఆ వేసవిలో అతనికి 5 ఏళ్ళకి 34.5 కోట్ల దాకా సూపర్‌మ్యాక్స్ ఒప్పందం రాయాలి, అతని శరీరం మీద వాళ్ళకి నమ్మకం పోయింది. సరే, అమ్మాలనే అనుకుందాం. అలాంటప్పుడు ముప్పై జట్ల సంతలో అరవాలి. వార్తల్లో వచ్చినదాన్ని బట్టి వాళ్ళు ఒక్క లేకర్స్‌తోనే మాట్లాడారు, వచ్చింది ఒక్కటంటే ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్. అమ్మడం తప్పో ఒప్పో వందేళ్ళు వాదించుకోవచ్చు. అమ్మిన తీరు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. అదే ఏడాది నవంబరులో డాలస్ జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఉద్యోగం పోయింది. అంతకు ముందు మేలో 1.8 శాతం అవకాశంతో డ్రాఫ్ట్ లాటరీ తగిలి కూపర్ ఫ్లాగ్ వచ్చాడు కదా అంటారు కొందరు. దాన్ని లెక్కలో ఎవరి ఖాతాలోనూ వెయ్యకు.

నీకో పని. 2025 జులైలో మిల్వాకీ వాళ్ళు అకిలీస్ తెగిన డేమియన్ లిలార్డ్‌ని, రెండేళ్ళ ఒప్పందం మిగిలి ఉండగానే, వదిలేసి, ఆ డబ్బుని ఐదేళ్ళకి సాగదీశారు. ఏటా సుమారు 2.25 కోట్లు. అలా వచ్చిన ఖాళీతో ఇండియానా నుంచి మైల్స్ టర్నర్‌ని తెచ్చారు. 2025-26 క్యాప్ 15.46 కోట్లు. 2023 ఒప్పందం ప్రకారం క్యాప్ ఏడాదికి 10 శాతం మించి పెరగదు. ఏటా 5 శాతం పెరిగితే ఒకసారి, 10 పెరిగితే ఒకసారి, ఐదో ఏడాదికి లిలార్డ్ డబ్బు క్యాప్‌లో ఎంత శాతమవుతుందో కట్టు. తర్వాత ఆనాటి మిల్వాకీ స్టార్ యానిస్ వయసు పక్కన రాయి. టర్నర్‌ని తేకుండా లిలార్డ్‌ని రెండేళ్ళూ పుస్తకంలోనే ఉంచితే మిల్వాకీ చెయ్యగలిగేవీ చెయ్యలేనివీ రెండో కాగితం మీద రాయి. పాయింట్లూ రీబౌండ్లూ వద్దు.

వీసా ఇంటర్వ్యూ అయ్యాక పంపినా ఫర్వాలేదు. నాన్ననీ అమ్మనీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న