ఆటస్థలములో సమన్యాయము: స్వలింగ ప్రేమికులైన క్రీడాకారుల చరిత్రపై ఒక పరిశీలన

క్రీడలకు మానవ సమాజములో ఒక ప్రత్యేక గౌరవము ఉన్నది. పరుగు పందెములో గడియారము ఎవరి కులమును అడుగదు. ఎత్తు దూకువాని తండ్రి ధనికుడా, పేదవాడా అని అడ్డుకొయ్య విచారింపదు. బలమును, నేర్పును, ఓర్పును మాత్రమే తూచే త్రాసు అని పెద్దలు క్రీడలను ప్రశంసించుట అందుచేతనే. అయితే ఈ ప్రశంస ఎంతవరకు నిజమో తెలియవలెనంటే, ఆ త్రాసు ఎవరి విషయములో తప్పు తూచినదో చూడవలెను. నల్లజాతి వారి విషయములోను, స్త్రీల విషయములోను అది తప్పు తూచిన సంగతి లోకమునకు తెలిసినదే. మూడవ వర్గము మరియొకటి ఉన్నది. తమ లింగమునకే చెందిన వ్యక్తిని ప్రేమించే క్రీడాకారులు ఆ వర్గము. వారిని గూర్చి మనము తరగతి గదిలో గాని, మైదానములో గాని మాట్లాడుకొనుట అరుదు. మాట్లాడినను ఎగతాళిగా మాట్లాడుటే ఎక్కువ. ఈ వ్యాసములో మేము ఎగతాళిని ప్రక్కన పెట్టి, జరిగిన విషయములను వరుసగా పరిశీలింపదలచినాము.

సమస్య యొక్క స్వరూపము

స్వలింగ ప్రేమికుల యెడ ద్వేషము అనగా వారిని కొట్టుట మాత్రమే కాదు. గ్యాలరీ నుండి వినవచ్చే బూతు, డ్రెస్సింగ్ రూములోని వెకిలి నవ్వు, జట్టు ఎంపికలో కారణము చెప్పకుండా పేరు తీసివేయుట, ప్రకటనల కంపెనీ మౌనముగా ఒప్పందము రద్దు చేయుట, ఇవన్నియు దాని రూపములే. ఇంగ్లీషు మాట్లాడే ఆరు దేశములలో సుమారు 9,500 మందిని ప్రశ్నించి, 2015లో ఒక అధ్యయనమును ప్రకటించినారు. అందు పాల్గొన్న వారిలో నూటికి 80 మంది క్రీడలలో ఇట్టి ద్వేషమును తాము చూచినామనియో, అనుభవించినామనియో చెప్పినారు. క్రీడారంగములో స్వలింగ ప్రేమికులకు సంపూర్ణమైన ఆదరణ ఉన్నదని నమ్మినవారు నూటికి ఒక్కరు మాత్రమే. ఈ అంకెల వెనుక ఉన్న మనుష్యులను చూచినగాని విషయము బోధపడదు.

జస్టిన్ ఫషాను జీవితము

జస్టిన్ ఫషాను 1961లో లండన్ నగరములో జన్మించినాడు. తండ్రి నైజీరియా దేశస్థుడు. తల్లి గయానా దేశస్థురాలు. తల్లిదండ్రులు విడిపోగా ఇతడును, తమ్ముడు జాన్ కూడ అనాథాశ్రమములో కొంతకాలముండి, తరువాత నార్ఫోక్ ప్రాంతములో ఒక తెల్లజాతి దంపతుల పెంపకములో పెరిగినారు. నార్విచ్ సిటీ జట్టులో చేరిన ఈ యువకుడు 1980 ఫిబ్రవరిలో లివర్‌పూల్ జట్టుపై కొట్టిన గోలు ఆ యేటి ఉత్తమ గోలుగా బి.బి.సి. గుర్తింపు పొందినది. నాటి ఆటలో నార్విచ్ 5–3 తేడాతో ఓడినది. అయినను ప్రజలకు జ్ఞాపకమున్నది ఆ గోలే. 1981లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టు అతనిని పది లక్షల పౌండ్లకు కొనుగోలు చేసినది. బ్రిటన్‌లో అంత ధర పలికిన మొదటి నల్లజాతి ఆటగాడు అతడే.

అక్కడనే అతని కష్టము ప్రారంభమైనది. స్వలింగ ప్రేమికులు కలిసికొనే క్లబ్బులకు ఇతడు పోవుచున్నాడను వార్త జట్టు మేనేజరు బ్రయన్ క్లఫ్ చెవిన పడినది. క్లఫ్ అతనిని పిలిపించి అవమానించినాడు. ఆ సంగతిని తరువాత తన ఆత్మకథలో తానే వ్రాసినాడు. జట్టుతో కలిసి సాధన చేయరాదని నిషేధించినాడు. నిషేధమును లెక్కచేయక వచ్చినప్పుడు పోలీసులను పిలిపించి బయటకు పంపించినాడు. ఫషాను అక్కడ ఎక్కువ గోళ్ళు చేయలేదన్నది నిజమే. కాని పగలు మేనేజరు తిట్లు, ఆటనాడు గ్యాలరీలో వర్ణద్వేషపు కేకలు, రాత్రి తన రహస్యము బయటపడునను భయము, ఈ మూడింటి నడుమ నలుగుచున్న ఇరువది యేండ్ల యువకుని కాళ్ళకు పాత నేర్పు ఎట్లు నిలుచును? మరుసటి సంవత్సరమే అతనిని ఒకటిన్నర లక్షల పౌండ్లకు వేరొక జట్టుకు అమ్మివేసినారు.

1990 అక్టోబరులో అతడు 'ది సన్' పత్రిక ద్వారా తాను స్వలింగ ప్రేమికుడనని ప్రకటించినాడు. ఆ విధముగా ప్రకటించుకొన్న మొదటి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు అతడు. సొంత తమ్ముడు జాన్, తానును పేరుపొందిన ఆటగాడై యుండి, అన్నతో తనకు సంబంధము లేదని బహిరంగముగా చెప్పినాడు. అందుకు తరువాత ఎంతో పశ్చాత్తాపపడినాడు. ఫషాను ఇంగ్లండు, స్కాట్లండు, కెనడా, అమెరికా దేశములలో జట్టు తరువాత జట్టు మారుచు తిరిగినాడు. 1998లో అమెరికాలో ఒక పదునేడేండ్ల యువకుడు అతనిపై లైంగిక నేరారోపణ చేసినాడు. ఆ విషయము న్యాయస్థానములో తేలకముందే, ఆరోపణను నిరాకరించుచు ఒక ఉత్తరము వ్రాసి, 1998 మే నెలలో లండన్‌లో ఫషాను ఆత్మహత్య చేసికొన్నాడు. అప్పటికి అతని వయస్సు 37 సంవత్సరములు. ఆ ఆరోపణలోని నిజానిజములను తేల్చుట మా పని కాదు. తనకు న్యాయము దొరకదని అతడు ముందే నిశ్చయించుకొన్నాడన్నది మాత్రము గమనింపదగినది. పదునేడు సంవత్సరముల అనుభవము అతనికి ఆ పాఠమునే నేర్పినది.

అతని తరువాత బ్రిటన్‌లో పురుషుల వృత్తి ఫుట్‌బాల్ ఆడుచుండగానే ఈ సత్యమును చెప్పిన మరియొక ఆటగాడు రావలెనంటే 2022 మే వరకు వేచియుండవలసి వచ్చినది. అతడు బ్లాక్‌పూల్ జట్టుకు చెందిన పదునేడేండ్ల జేక్ డేనియల్స్. ఇద్దరి నడుమ ముప్పదియొక్క సంవత్సరములు గడచినవి. ఇన్ని వేల మంది ఆటగాళ్ళలో ఇన్నేండ్లపాటు ఒక్కరును స్వలింగ ప్రేమికులు లేరని నమ్ముటకంటె, ఒక్కరికిని ధైర్యము చాలలేదని గ్రహించుట వివేకము.

క్రీడాకారిణుల అనుభవము

టెన్నిస్ రాణి బిల్లీ జీన్ కింగ్ స్త్రీ పురుషులకు సమాన బహుమతి ధనము కొరకు పోరాడిన మహిళ. 1981లో ఒక వ్యాజ్యము మూలముగా ఒక స్త్రీతో ఆమెకు గల సంబంధము బయటపడినది. కొద్ది దినములలోనే ప్రకటనల ఒప్పందములు దాదాపు అన్నియు పోయినవి. వకీళ్ళ ఖర్చులకై ఆమె ఆటను మరి కొంతకాలము కొనసాగింపవలసి వచ్చినది. అదే సంవత్సరము మార్టినా నవ్రతిలోవా విషయమును కూడ పత్రిక బయటపెట్టినది. చెకోస్లొవేకియాను విడిచి వచ్చిన ఆమె, అమెరికా పౌరసత్వము చేతికి వచ్చువరకు ఈ సంగతి బయటికి పొక్కునేమోనని భయపడినది. వింబుల్డన్ సింగిల్సును 9 పర్యాయములు గెలిచిన మహిళకు, ఆమె స్థాయికి తగిన ప్రకటనల ఆదాయము రాలేదు. పతకము ఇచ్చునప్పుడు లేని సంకోచము డబ్బు ఇచ్చునప్పుడు వచ్చినది.

అయినను స్త్రీల క్రీడలలో మార్పు త్వరగా వచ్చినది. 2019 మహిళల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైన అమెరికా వనిత మేగన్ రపీనో తన విషయమును ఎన్నడో బహిరంగముగా చెప్పియున్నది. పురుషుల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో అట్టి దృశ్యము కనబడలేదు.

కారణములు

పురుషుల క్రీడలలో ఈ ద్వేషము ఎందుకింత గట్టిగా నాటుకొన్నది? మా పరిశీలనలో మూడు కారణములు కనబడుచున్నవి.

మొదటిది, శిక్షణలోని భాష. వెనుకబడిన కుఱ్ఱవానిని ఉసికొల్పుటకు "గాజులు తొడుగుకో" అను మాట మన మైదానములలో కూడ వినబడుచునే ఉన్నది. ఆ ఒక్క మాటలో స్త్రీకిని అవమానమే, సున్నితమైన బాలునికిని అవమానమే. మగతనమనగా మొరటుతనమని నేర్పిన చోట, భిన్నముగా ఉన్నవాడు నోరు మూసికొనును.

రెండవది, జట్టు కట్టు చెడునను వాదము. ఒక్కనివలన తక్కినవారు ఇబ్బందిపడుదురని చెప్పి యాజమాన్యములు తప్పించుకొన్నవి. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు గ్లెన్ బర్క్ చరిత్ర ఈ వాదమునకు జవాబు. 1977 అక్టోబరులో తోటి ఆటగాడు హోమ్ రన్ కొట్టి రాగా, బర్క్ తన అరచేతిని పైకెత్తినాడు; ఆ ఆటగాడు దానిని తన అరచేతితో చరిచినాడు. నేడు మన క్రికెట్ ఆటగాళ్ళు వికెట్టు పడినప్పుడెల్ల చేసికొనే ఆ అభినందనకు ఆనాటి ఘట్టమే ఆరంభమని పలువురు చెప్పుదురు. జట్టులోని సహచరులకు ఇతని సంగతి తెలియును. వారు ఇతనిని ప్రేమించినారు. మరుసటి యేడే ఇతనిని వేరొక జట్టుకు పంపినది యాజమాన్యమే. 27వ యేటికే అతని ఆట ముగిసినది. జట్టు ఆనందమునకు చిహ్నమునిచ్చిన చేతినే జట్టునకు ప్రమాదమని భావించుట ఎంత విచిత్రము!

మూడవది, మౌనము. ఎవ్వరును చెప్పరు కనుక అట్టివారు ఎవ్వరును లేరని అందరును అనుకొందురు. అందరును అట్లనుకొనుటచేత చెప్పుటకు ఎవ్వరికిని ధైర్యము రాదు. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట ఎవరో ఒకరు త్రెంపవలెను.

మార్పు వచ్చిన తీరు

1968 మెక్సికో ఒలింపిక్సులో డెకాథ్లాన్‌లో ఆరవ స్థానము పొందిన వైద్యుడు టామ్ వాడెల్ 1982లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో 'గే గేమ్స్' అను పోటీలను ప్రారంభించినాడు. ఎవరైనను పాల్గొనవచ్చునన్నది దాని నియమము. 'ఒలింపిక్' అను పదమును వాడరాదని అమెరికా ఒలింపిక్ సంఘము కోర్టుకెక్కినది. 1987లో అక్కడి సుప్రీం కోర్టు సంఘము పక్షముననే తీర్పు చెప్పినది. పేరు పోయినది గాని పోటీలు నిలిచినవి. 2013లో జేసన్ కాలిన్స్ అను బాస్కెట్‌బాల్ ఆటగాడు తన సత్యమును ప్రకటించి, 2014లో మరల ఎన్.బి.ఎ. మైదానములో దిగినాడు. 2014 డిసెంబరులో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము తన శాసనపత్రములోని ఆరవ మూలసూత్రమునందు, లైంగిక అభిరుచి కారణముగా వివక్ష చూపరాదని స్పష్టముగా చేర్చినది. వాడెల్‌కు పేరు నిరాకరించిన ఉద్యమమే 27 సంవత్సరములకు అతని భావమును స్వీకరించినది.

మన దేశములో

మన దేశములో 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనము శిక్షాస్మృతిలోని 377వ సెక్షను వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన సంబంధములకు వర్తింపదని తీర్పు చెప్పినది. మరుసటి సంవత్సరము మే నెలలో ద్యుతీ చంద్ తన గ్రామమునకు చెందిన ఒక యువతిని ప్రేమించుచున్నానని ప్రకటించినది. ఒడిశాలో ఒక పేద చేనేత కుటుంబమున పుట్టి, హైదరాబాదులో నాగపురి రమేశ్ గారి శిక్షణలో రాటుదేలి, 2018 ఏషియన్ క్రీడలలో రెండు రజత పతకములు గెలిచిన రన్నరు ఆమె. ఇంటినుండియే తీవ్రమైన వ్యతిరేకత వచ్చినది. అయినను రెండు నెలలు గడువకముందే ఇటలీలోని నేపుల్స్ నగరమున జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 100 మీటర్ల పందెమును 11.32 సెకనులలో ముగించి స్వర్ణపతకము తెచ్చినది. నిషిద్ధ ఔషధముల పరీక్షలో దొరికి 2023లో ఆమె నాలుగేండ్ల నిషేధమునకు గురియైన మాట వాస్తవము. దానిని మేము దాచము. ఆ శిక్ష క్రీడా నియమము తప్పినందుకు. అట్టి శిక్ష ఎవరికైనను సమానము. కాని 2019 నాటి ఈసడింపు ఏ నియమము తప్పినందుకు? ఈ రెండింటికి గల భేదమును గుర్తించినవాడే క్రీడాన్యాయమును ఎరిగినవాడు.

కొన్ని సందేహములు

"ఇది సొంత విషయము కదా, బహిరంగముగా చెప్పనేల?" అని కొందరడుగుదురు. క్రికెట్ ఆటగాని వివాహము జరిగిననాడు పత్రికలన్నియు ఫోటోలు వేయును. భార్యాబిడ్డలతో అతడు బహుమతి సభకు వచ్చును. దానిని మనము ప్రకటన అనము, ముచ్చట అందుము. ఒకరికి ముచ్చటయైనది మరియొకరికి ఎంగిలి రహస్యము కారాదు. "మా నమ్మకములు ఒప్పుకొనవు" అని మరికొందరందురు. ఎవరి నమ్మకములు వారివి. వాటిని విడువుమని మేము కోరుట లేదు. నమ్మకము వేరు, తోటి విద్యార్థిని మైదానమునుండి వెళ్ళగొట్టుట వేరు. మొదటిది మనస్సుకు సంబంధించినది. రెండవది చేతికి, నోటికి సంబంధించినది. చేతిని, నోటిని అదుపులో ఉంచుకొనుమనియే చట్టమును, మర్యాదయు చెప్పునది.

మన కర్తవ్యము

విద్యార్థి మిత్రులును, కళాశాల పాలక సంఘమువారును ఒక్క విషయమును గమనింపగోరుచున్నాము. ర్యాగింగును అరికట్టుటకు విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషను చేసిన నిబంధనలకు 2016లో ఒక సవరణ వచ్చినది. దాని ప్రకారము మతము, కులము, భాష, ప్రాంతము, రంగు, పేదరికము వంటి కారణములతో పాటు లైంగిక అభిరుచి కారణముగా ఒక విద్యార్థిని శారీరకముగా గాని మానసికముగా గాని వేధించుటయు, వెలివేయుటయు ర్యాగింగే. మతమును, భాషను కాపాడిన వాక్యమే దీనిని కూడ కాపాడుచున్నది. అల్పసంఖ్యాకుల కళాశాలగా మనము ఆ వాక్యములో సగమును మాత్రము మనకు ఉంచుకొని తక్కిన సగమును కొట్టివేయలేము.

కావున మా విన్నపములు మూడు. వ్యాయామోపాధ్యాయులు శిక్షణలో లింగమును కించపరచే మాటలను విడువవలెను. ఎంపిక సంఘము ఒక ఆటగానిని తొలగించినప్పుడు కారణమును కాగితముపై వ్రాసి ఉంచవలెను. ర్యాగింగు నిరోధక సంఘము ఈ విషయమై వచ్చిన ఫిర్యాదును నవ్వి పంపివేయక, పేరు బయటపెట్టక, విచారింపవలెను. వీనిలో ఏదియు ఖర్చుతో కూడినది కాదు.

మన జట్టులో ఉర్దూ మాట్లాడువారును, తెలుగు మాట్లాడువారును కలిసి ఆడుచున్నారు. బంతి నందిమ్మని అడుగునప్పుడు ఎవరి భాష వారిది. గోలు పడినప్పుడు కేక ఒక్కటే. ఆ జట్టులో తన మనస్సులోని మాటను ఎవ్వరికిని చెప్పుకొనలేక బూట్లు విప్పి మౌనముగా ఇంటికి పోవు కుఱ్ఱవాడు ఒక్కడున్నాడేమో మనకు తెలియదు. తెలియదు గనుకనే, ఉన్నాడని అనుకొనియే మన మాటను, మన నవ్వును సరిచూచుకొనవలెను.