చిలకలకు మందు పెట్టడానికి పర్మిషన్ దొరుకుతుందా?

వీడియోలో మా జొన్న చేను చూశారుగా, గట్టు వైపు కంకులు సగం బోసిపోయాయి. అది చూసి పక్క పొలం తమ్ముడు, "అన్నా, గుళికలు పెడితే ఒక్కరోజులో తేలిపోద్ది. పర్మిషన్ ఎవరినడగాలి?" అన్నాడు. అడిగి చేద్దామన్నాడు, అదే సంతోషం.

1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే తుపాకీ ఒక్కటే కాదు. విషం పెట్టినా, ఉచ్చు వేసినా, గూడు గుడ్లు పాడుచేసినా వేటే. రామచిలుక రెండో షెడ్యూల్లో ఉంది. పైగా 2018 నుంచి మన రాష్ట్ర పక్షి అదే! ఇదివరకు కాకి ఐదో షెడ్యూల్లో ఉండేది, చంపినా కేసు లేదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక ఆ షెడ్యూలే పోయింది.

దారి అసలు లేదా అంటే, ఉంది. సెక్షన్ 11 ప్రకారం రెండో షెడ్యూల్ జీవి నిలిచిన పంటకు ప్రమాదమని నమ్మకం కుదిరితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా అధికారం పొందిన ఆఫీసర్, కారణం చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. నెమలిది మొదటి షెడ్యూల్, పంట తిన్నదని దానికి ఆ దారి లేదు. మందుల షాపాయన "ఏం కాదులే" అంటే అది పర్మిషన్ కాదు. తప్పు చేస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నెమలి చస్తే కనీసం మూడేళ్లు.

సరే, ఆ కాగితం వచ్చిందనుకుందాం. గుళికల ప్యాకెట్ మీద ఉండేది పురుగుల పేర్లు, చిలక పేరు కాదు. మందుకు 1968 పురుగుమందుల చట్టం వేరే ఉంది. విషం తిన్న గింజ దగ్గర చిలకే ఆగదు కదా. గోరువంక, పావురం, ఇంటి కోడి, చచ్చినదాన్ని పీకే కుక్క... శనగలో పచ్చపురుగు తినమని పక్షి స్థావరాలు పాతేది మనమే. ఆ చేతితోనే విషం చల్లితే మన ప్రకృతి సేద్యం ఏమైనట్టు?

అనుమతి కోరేవాళ్లు సర్వే నంబరు, పంట దశ, నష్టం ఫొటోలు తేదీలతో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఈలోపు కంకి ఆగదు కాబట్టి మేం చేసింది ఇది: పాలు పోసుకునే ముందే స్థావరాలు పీకేశాం, మెరుపు రిబ్బన్ మెలితిప్పి కంకుల పైన అడుగు ఎత్తున కట్టాం, లీటరు నీటికి 25 మి.లీ. కోడిగుడ్డు సొన కలిపి కొట్టాం. తెల్లవారి, సాయంత్రం మంచె మీద మనిషి మాత్రం తప్పలేదు. రిబ్బన్ ఒకేచోట ఉంచితే చిలకలకు అలవాటైపోద్ది, గాలి ఆడకపోతే అసలు పనిచేయదు. మొక్కజొన్న వేసినవాళ్లు గట్టు వరసల్లో పొత్తులకు ఆకులు చుట్టండి. మెలి ఎలా తిప్పాలో వీడియో చివర్లో చూపించాను.