పీడనానికి హద్దు

పొయ్యిలో కట్టెలు ఎన్ని పెట్టినా గాలి చాలకపోతే మంట లేవదు. ఇంజను సంగతీ అంతే. పెట్రోలును ఎక్కువగా పంపడం సులభం. అది పూర్తిగా మండడానికి తగినంత గాలిని సిలిండరులోకి చేర్చడమే కష్టం. ఈ చిక్కును దాటే ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు కోరాడు. వృథాగా పోయే ఎగ్జాస్టు వాయువుల శక్తితోనే గాలిని ఒత్తి ఇంజనుకు అందించాలన్నది ఆయన ఆలోచన. నేటి టర్బోఛార్జరుకు అదే మూలం.

వాతావరణ పీడనానికి అదనంగా టర్బోఛార్జరు కలిపే పీడనాన్ని బూస్ట్ అంటారు. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. దానికి 7 పౌండ్ల బూస్ట్ తోడైతే మొత్తం పీడనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. శక్తి కూడా అంతే పెరగాలి కదా అనిపిస్తుంది, కాని పెరగదు. సైకిలు పంపు కొడుతున్నప్పుడు దాని అడుగుభాగం వేడెక్కినట్లే ఒత్తిన గాలి కూడా వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలి ఈ మాత్రం బూస్టుకే సుమారు 80 డిగ్రీలకు చేరవచ్చు. అందుకే దానిని చల్లబరచడానికి ఇంటర్‌కూలరును అమరుస్తారు.

వేడి, పీడనం రెండూ హద్దు మీరితే అసలు ప్రమాదం మొదలవుతుంది. స్పార్క్ ప్లగ్గు వద్ద పుట్టిన మంట సిలిండరు అంచులకు చేరకముందే అక్కడి మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా మండిపోతుంది. లోహాన్ని సుత్తితో కొట్టినట్లు వినిపించే ఈ దోషమే నాకింగ్. తీవ్రమైన నాకింగ్ కొద్ది క్షణాలు సాగినా పిస్టను పగిలిపోవచ్చు.

1962లో అమెరికాలో రెండు టర్బో కార్లు రోడ్డెక్కాయి. షెవ్రోలే కంపెనీ తన కోర్‌వేర్ ఇంజనులో సంపీడన నిష్పత్తిని 8కి తగ్గించి జాగ్రత్తపడింది. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ మాత్రం 10.25 నిష్పత్తిని ఉంచుకొని, నాకింగును అణచడానికి నీరు, మిథైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మే ఏర్పాటు చేసింది. ద్రవం అయిపోతే బూస్టును తగ్గించే కవాటమూ ఉండేది. యంత్రం దృష్ట్యా ఇది చక్కని ఆలోచనే. కాని ఆ తొట్టిని నింపవలసిన యజమానులు దానిని మరచిపోయేవారు. బండి నీరసించిందని విసుక్కొనేవారు. రెండేళ్ళకే ఆ కారు ఆగిపోయింది.

స్వీడనుకు చెందిన సాబ్ సంస్థ 1977లో 99 టర్బోను ప్రదర్శించింది. అందులో బూస్ట్ ఒక స్థాయికి చేరగానే స్ప్రింగును నెట్టుకొని తెరుచుకొనే వేస్ట్‌గేట్ అనే చిన్న ద్వారం ఉంది. మిగులు వాయువులు టర్బైనును తాకకుండా దాని గుండా బయటికి పోతాయి. బూస్ట్ సుమారు 0.7 బారు వద్ద నిలిచేది. 1980ల తొలినాళ్ళలో అదే సంస్థ ఇంజనీరు పెర్ గిల్‌బ్రాండ్ మరో అడుగు వేశాడు. ఇంజను దిమ్మెకు నాకింగును పసిగట్టే సెన్సారును అమర్చి, అది హెచ్చరించినప్పుడల్లా బూస్ట్ తనంతట తానే తగ్గేలా చేశాడు. హద్దును యంత్రమే క్షణక్షణమూ వెతుక్కోవడం అప్పటికి కొత్త.

స్ప్రింగు బలాన్నో, కంప్యూటరు లెక్కలనో మార్చి బూస్ట్ పెంచాలనుకొనే యువకులు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని పౌండ్లు పెట్టవచ్చు?" అనేది. పెట్రోలు ఆక్టేన్ సంఖ్య, గాలి ఉష్ణోగ్రత, ఇంజెక్టర్ల సామర్థ్యం తెలియనిదే దీనికి జవాబు లేదు. గాలి పెరిగి, దానికి తగ్గ పెట్రోలు అందకపోతే మిశ్రమం పలుచబడి నాకింగుకు దారితీస్తుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్ కర్మాగారం నిర్ణయించిన బూస్టుతోనే మొదలుపెడతాడు. ఒకటి రెండు పౌండ్లకు మించి ఒకేసారి పెంచడు. ప్రతి మార్పు తర్వాత పరీక్షాయంత్రం మీద బండిని నడిపి, మిశ్రమాన్నీ నాకింగునూ గమనిస్తాడు. చివరకు ప్రమాదపు అంచున కాక దానికి బాగా ఇవతలే ఆగుతాడు.  95 ఆక్టేన్ పెట్రోలుతో, జనవరి తెల్లవారుజామున నిర్ణయించుకొన్న బూస్ట్, మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ ట్రాఫిక్కులో అంతకన్నా తక్కువ ఆక్టేన్ పెట్రోలుతో నడిచే అదే ఇంజనుకు ప్రాణాంతకం కావచ్చు.