గుట్కా ఇచ్చే హుషారు అప్పు లాంటిది



మత్తు పదార్థాలు అనగానే గంజాయి, పబ్బులు గుర్తుకొస్తాయి. కానీ నల్లగొండయినా, మహబూబ్‌నగరయినా, పిల్లల చేతికి సులువుగా అందేది పది రూపాయలలోపు దొరికే చిన్న ప్యాకెట్టు. గుట్కా, ఖైనీ, జర్దాలో ఉండే నికోటిన్ కూడా మనిషిని బానిసను చేసే ఉత్తేజక పదార్థమే.

ఎలా వచ్చింది?

పొగాకు మన పంట కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి చేరింది. 1604-05 ప్రాంతంలో అక్బర్ దూత అసద్ బేగ్ పాలమూరుకు పడమటి పొరుగున ఉన్న బీజాపూర్‌లో దాన్ని చూసి, వింత వస్తువుగా మొగలు దర్బారుకు తీసుకెళ్లాడు. 1617లో జహంగీర్ వద్దన్నా వాడకం ఆగలేదు. 1828లో జర్మన్ శాస్త్రవేత్తలు పొగాకు నుంచి నికోటిన్‌ను వేరుచేశారు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

దవడన పెట్టిన పొగాకులోని నికోటిన్‌ను సున్నం త్వరగా రక్తంలోకి పంపుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆకలి మందగిస్తుంది. మెదడులో డోపమైన్ విడుదలై హుషారుగా అనిపిస్తుంది. పరీక్షల రాత్రుళ్లు నిద్ర ఆపుకోవడానికి కొందరు మొదలుపెట్టేది ఇందుకే.

రెండు గంటల్లో రక్తంలోని నికోటిన్ సగానికి పడిపోతుంది. అలవాటైన పిల్లవాడికి చిరాకు మొదలవుతుంది, చదువు మీద మనసు నిలవదు. మళ్లీ వేసుకుంటే ఆ చిరాకు తగ్గుతుంది. దాన్నే వాడు శక్తి అనుకుంటాడు. నిజానికి అది పాత అప్పు తీర్చడానికి చేసే కొత్త అప్పు.

పొగాకు లేని వక్క పొడి కూడా క్షేమం కాదు. వక్క వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోదు. ఆ బిగుతు పూర్తిగా తగ్గడం కష్టం. అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

ఇంట్లో గమనించండి

- రోజూ తినే కారమే నోరు మండుతోందంటున్నాడా?
- తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టడం లేదా? వెంటనే దంత వైద్యుడికి చూపించండి.
- పళ్లపై కొత్తగా గార కనిపిస్తోందా? మన దగ్గర ఫ్లోరైడ్ మచ్చలు మామూలే కానీ, అవి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చే వయసు నుంచే ఉంటాయి. నిన్నటిదాకా లేని గారను ఫ్లోరైడ్ అనుకుని వదిలేయకండి.

మీరు చేయగలిగింది

2003 చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి, బడికి వంద గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మరాదు. గుట్కాపై నిషేధం వచ్చాక పాన్ మసాలా, పొగాకు వేర్వేరు ప్యాకెట్లుగా వస్తున్నాయి. కొన్నవారే కలుపుకుంటారు. జేబులో రెండు రకాల ఖాళీ ప్యాకెట్లు దొరికితే విషయం అర్థం చేసుకోండి.

దావత్‌లలో పిల్లలను సిగరెట్లకో జర్దాకో కొట్టుకు పంపకండి. అలవాటు బయటపడితే కొట్టకండి. కొడితే దాచడం నేర్చుకుంటాడు తప్ప మానడు. మానిన తొలి రోజుల్లో కోపం, నిద్రలేమి సహజం. కొన్ని వారాల్లో అవి తగ్గుతాయి. ఆ కొన్ని వారాలు వాడి పక్కన ఉండండి, క్లాస్ టీచర్‌కూ చెప్పండి. జాతీయ పొగాకు విరమణ సహాయ నంబరు 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.